సైకిలు దిగే మర్యాద

మల్లికార్జునరావు గారికి సైకిలు తొక్కడం రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దీన్ని దాచడానికి ఆయన ఇరవై ఏడేళ్ళు పడ్డ పాట్లు చాలు. మళ్ళీ నేను కూడా మీ దగ్గర దాచి, చివర్లో చెప్పి, మిమ్మల్ని ఆశ్చర్యపరిచే ఓపిక నాకు లేదు.

ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్లో మా ఇద్దరిదీ స్టోర్స్ సెక్షను. ఆయన సీనియరు, అబ్దుల్ రవూఫ్ అనే నేను జూనియరు. బేరింగు కావాలని వచ్చినవాడికి బేరింగు, బోల్టు కావాలని వచ్చినవాడికి రేపు రమ్మని సమాధానం ఇవ్వడం మా ఉద్యోగం. క్వార్టర్స్ నుంచి ఆఫీసు గేటు రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లూ ఆయన రోజూ వచ్చేది నల్లటి పెద్ద సైకిలుతో. సైకిలు మీద కాదు, సైకిలుతో. హ్యాండిలుకి క్యారేజీ తగిలించి, పక్కన నడుస్తూ, మలుపు వచ్చినప్పుడు బెల్లు కూడా కొడుతూ వచ్చేవారు.

చూసినవాళ్ళకి అనుమానం రాలేదా అంటారేమో. రాలేదు. అదే విచిత్రం. మా వైపు ఒక మర్యాద ఉంది, ఇప్పుడు పోతోంది గానీ. సైకిలు మీద వెళ్ళేవాడికి పెద్దవాళ్ళు ఎదురైతే దిగాలి. మేష్టారు కనిపిస్తే దిగాలి, మామగారు కనిపిస్తే దిగాలి. దిగి, నాలుగడుగులు నడిపించుకుంటూ వెళ్ళి, వాళ్ళు దాటాక మళ్ళీ ఎక్కాలి. దిగనివాడికి పొగరు అని ఊరంతా పేరు పెడుతుంది. అందుచేత సైకిలు పక్కన నడుస్తున్న మల్లికార్జునరావు గారిని చూసిన ప్రతివాడూ, ఈయన నన్ను చూసే దిగాడనుకున్నాడు.

మొదలైంది డెబ్భై తొమ్మిదిలో. ఆయనది అవనిగడ్డ దగ్గర ఒక లంక. చిన్నప్పుడు పడవ ఎక్కడం, ఇసుకలో నడవడం తప్ప ఇంకో ప్రయాణం తెలియదు. ఉద్యోగంలో చేరిన ఏడాది అందరూ సైకిళ్ళు కొంటుంటే తానూ కొన్నారు, నేర్చుకోవడం తర్వాత చూసుకోవచ్చులే అని. కొట్టు నుంచి నడిపించుకుంటూ వస్తుంటే, అప్పుడే బదిలీ మీద వచ్చిన పెద్ద ఇంజనీరు గారు ఎదురయ్యారు. ఆ పెద్దమనిషికి లోకంలో ఎవరూ తనను గౌరవించడం లేదని దిగులు. మర్నాడు మీటింగులో, నన్ను చూసి సైకిలు దిగినవాడు ఈ స్టేషను మొత్తంలో ఈ కుర్రాడొక్కడే అని ఆయన అందరి ముందూ పొగిడారు. అంతే. ఇక ఆ సైకిలు ఎక్కడం ఎట్లా? ఎక్కడానికి రాదు. నేర్చుకోవాలంటే పడాలి, పడితే నలుగురూ చూస్తారు. చూస్తే, మరి నిన్న ఎక్కడి నుంచి దిగావని అడుగుతారు.

అలా ఇరవై ఏడేళ్ళు. ఆయన నడుస్తుంటే వెనక నుంచి సైకిలు మీద వచ్చేవాడు కూడా సిగ్గుపడి దిగేవాడు. దిగాక మాట్లాడకుండా ఎంత దూరం నడుస్తాడు? తన గోడు చెప్పుకునేవాడు. స్టేషన్లో సగం మంది సంబంధాలూ తగాదాలూ ఆ రోడ్డు మీదే తేలాయి. ఆఫీసుకి ఆలస్యమైనవాళ్ళు మాత్రం ఆయనకి దొరక్కుండా బూడిద చెరువు వెనక దారిన పోయేవాళ్ళు. కాలనీ సంఘానికి ఆయన వరసగా ఆరుసార్లు కార్యదర్శి అయ్యారు. పోటీ చేసినవాడు కూడా ఆయనకే ఓటేశాడు.

నాకు ఎలా తెలిసిందో చెప్తాను. తొంభై నాలుగులో ఒక మధ్యాహ్నం మా ఆవిడ జమీలాకి నొప్పులు మొదలయ్యాయి. ఆటో పిలుచుకు రావాలి. నా సైకిలు పంక్చరు. పక్క వరసలో ఉన్న ఆయన క్వార్టరుకి పరిగెత్తి, గోడకి ఆనించిన సైకిలు అడక్కుండానే లాక్కుని ఎక్కాను. పెడలు తొక్కుతున్నాను, బండి కదలదు. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, నేను ఉన్న చోటే ఉన్నాను. దిగి గొలుసు కవరు విప్పి చూస్తే లోపల గొలుసు లేదు. రింగు సెంటరు దాకా పరిగెత్తి ఆటో తెచ్చేసరికి, ఆసుపత్రి గుమ్మంలోనే మా నాసిర్ పుట్టినంత పనయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు స్టోర్స్ వెనక్కి పిలిచి, గొలుసు ఎనభై ఆరులోనే తుప్పుపట్టి తెగిందనీ, బాగుచేయిస్తే మాత్రం ఏం ఉపయోగమనీ, అసలు సంగతి ఇదీ అనీ చెప్పారు. ఆయన కళ్ళలో నీళ్ళు.

“రవూఫ్, ఈ ఊళ్ళో నన్ను మనిషిగా చూసేది నేను సైకిలు దిగుతానని. ఎక్కనే లేదని తెలిస్తే ఇంకేం మిగులుద్దయ్యా?”

నవ్వాలో తిట్టాలో తెలియక ఊరుకున్నాను. ఊరుకున్నవాణ్ణి పన్నెండేళ్ళు ఊరుకున్నాను. ఇంట్లో ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారికి పెళ్ళయిన మొదటి వారంలోనే తెలుసట. ఆవిడ గుడివాడలో హైస్కూలుకి సైకిలు మీద వెళ్ళిన మనిషి. భర్త పరువు కోసం తను కూడా సైకిలు ముట్టుకోవడం మానేశారు. మొత్తం మీద ఆ రహస్యం ముగ్గురి మధ్య ఉందని మా నమ్మకం.

అమలమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. మా ఆఫీసు ఊడ్చే మనిషి. అందరికంటే ముందు వచ్చి గదులు ఊడ్చాలి కాబట్టి ఇబ్రహీంపట్నం నుంచి తెల్లవారగానే బయల్దేరి నడిచి వచ్చేది. మల్లికార్జునరావు గారు కూడా దారిలో గోడు చెప్పుకునేవాళ్ళ వల్ల ఆలస్యం కాకూడదని పెందరాళే బయల్దేరేవారు. అందువల్ల చాలా రోజులు ఇద్దరూ ఒకే వేళకి ఒకే రోడ్డు మీద పడేవాళ్ళు. ఆవిడ కూతురి నర్సు ట్రైనింగు దరఖాస్తు ఆయన సైకిలు సీటు మీద కాగితం పెట్టి నింపారు. తొంభై ఆరులో నేను స్కూటరు కొన్నాక పొద్దునో సాయంత్రమో తరచూ వాళ్ళ పక్కనుంచే వెళ్ళేవాణ్ణి. ఆయనకి తల వంచి నమస్కారం పెట్టేవాణ్ణి. ఆవిడకి పెట్టినట్టు గుర్తు లేదు.

రెండు వేల ఆరు జూన్ ముప్ఫైన ఆయన రిటైర్మెంటు. మామూలుగా రిటైరయ్యేవాళ్ళకి కొండపల్లి అంబారీ ఏనుగు ఇస్తాం. కానీ కొత్తగా వచ్చిన డివిజనల్ ఇంజనీరు దత్తాత్రేయ గారికి ఎక్కడలేని ఉత్సాహం. ఇంత మర్యాదస్తుడికి ఏనుగు బొమ్మ ఏమిటి, గేర్ల సైకిలు ఇద్దామన్నారు. అయిదు వేలు దాటకూడదు, ఊళ్ళో రోడ్డుకీ పనికిరావాలి, కాలవ గట్టుకీ పనికిరావాలి, కొండపల్లి కోట ఎక్కినా తట్టుకోవాలి. ఎంపిక ఆయనే చేసుకోవాలి, తోడు నేను వెళ్ళాలి. సభ అయ్యాక ఆఫీసు మెట్ల దగ్గర నుంచి గేటు దాకా ఆయన తొక్కుకుంటూ వెళ్తుంటే ఫోటో తీయించాలి.

మల్లికార్జునరావు గారి మొహం చూడాలి అప్పుడు. అంబారీ ఏనుగే కావాలని రెండుసార్లు బతిమాలారు. అది కూడా వినయమే అనుకుని దత్తాత్రేయ గారు పొంగిపోయారు.

ఏప్రిల్ ఎండలో ఇద్దరం బెజవాడ వెళ్ళాం. ఏలూరు కాలవ వంతెనకి దగ్గర్లో అష్ఫాక్ అనే మనవాడి సైకిలు కొట్టు ఉంది. దారిలో బస్సులోనే ఆయన తన పథకం చెప్పారు. దేనికో ఒకదానికి వంక పెడుతూ పోతే జూన్ దాటిపోతుంది, సైకిలు ఉండదు, తొక్కే పని ఉండదు, గోడ గడియారం ఏదో ఇచ్చి పంపేస్తారు. నాకు కోపం వచ్చింది గానీ, అంతకంటే మంచి ఉపాయం నా దగ్గరా లేదు.

అష్ఫాక్ ఒక ఎర్ర సైకిలు బయటికి తీశాడు. ఆయన దాని చుట్టూ తిరిగి, ఒక చోట ఆగి, నా చెవి దగ్గర గొణిగారు.

“దీనికి గొలుసు కవరు లేదే!”

గేర్ల సైకిళ్ళు వేటికీ గొలుసు కవరు ఉండదని అష్ఫాక్ చెప్పాడు. స్టాండు కూడా ఉండదు, బెల్లు ఉండదు, క్యారియరు ఉండదు, మడ్‌గార్డులు ఉండవు. మరి ఇంత డబ్బు దేనికని ఈయన అడిగితే, లేనందుకేనండి అన్నాడు. సరే ఒకసారి ఎక్కి చూడండి సార్ అని హ్యాండిలు చేతికిచ్చాడు. నేను ఏదో సాకు చెప్పబోయాను. మల్లికార్జునరావు గారు తొణకలేదు. బండి గుణం ఎక్కితే తెలియదు, పక్కన నడిస్తేనే తెలుస్తుందని చెప్పి, దాన్ని నడిపించుకుంటూ వంతెన దాకా వెళ్ళారు. వంతెన ఎక్కించారు, దించారు, తిరిగి వచ్చారు. వచ్చి, ముందు చక్రం ఎడమకి ఊగుతోందనీ, వెనక బ్రేకు రబ్బరు రిమ్ముకి రాసుకుంటోందనీ, పెడలు పిక్కకి తగులుతోందనీ చెప్పారు. అష్ఫాక్ చక్రం ఎత్తి తిప్పి చూశాడు. ఊగుతోంది. రబ్బరు రాసుకుంటోంది. ఇరవై ఏడేళ్ళు సైకిలు పక్కన నడిచిన మనిషికి ఎందుకు తెలియదు?

అష్ఫాక్ నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళందరూ ఎక్కి, రెండు చక్కర్లు కొట్టి, బాగుందనేవాళ్ళట. నడిపించి చూసినవారు ఈయనొక్కరేనట. మేము రెండోసారి వెళ్ళేసరికి కొట్టుకి వచ్చిన ప్రతి ఒక్కరిచేతా నడిపిస్తున్నాడు. మూడోసారి వెళ్ళేసరికి వంతెన మీద నలుగురు పెద్దమనుషులు కొత్త సైకిళ్ళు పట్టుకుని వెనక్కీ ముందుకీ నడుస్తుంటే, ట్రాఫిక్ కానిస్టేబులు ఇన్ని పంక్చర్లు ఎక్కడ పడ్డాయని ఆరా తీస్తున్నాడు.

మూడోసారి అష్ఫాక్ తన దగ్గరున్న గొప్ప సరుకు చూపించాడు. ముందు స్ప్రింగు, వెనకా స్ప్రింగు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు, పైన పసుపు చారలు. అంతా కలిపి మా డబ్బులోనే వస్తుంది. నాకు నచ్చింది. మల్లికార్జునరావు గారు వంతెన దాకా నడిపించి మొహం చిట్లించారు. బరువు, నడిపిస్తుంటే వెనక భాగం ఎగిరెగిరి పడుతోంది, పైగా వెనక స్ప్రింగు ఉంటే క్యారియరు బిగించడం కుదరదు, క్యారియరు లేకపోతే క్యారేజీ ఎక్కడ పెట్టాలి? ఇక పేచీ పెట్టడానికి దారి దొరికిందని ఆయన సంబరం. కానీ అష్ఫాక్ లేచి ఆయనకి సలాం కొట్టాడు.

“నిజం చెప్పారు సార్. ఈ రేటుకి వెనకాల పెట్టేది స్ప్రింగు కాదు, ఊయల. తొక్కిన సత్తువంతా దానికే పోద్ది. డిస్కులు కూడా పేరుకే. ముందర ఒక్కటీ స్ప్రింగు, వెనక ఫ్రేము గట్టిగా, మామూలు రబ్బరు బ్రేకులు. కోటకైనా కాలవ గట్టుకైనా అదే నిలబడద్ది.”

అని లోపల్నుంచి ఒక బూడిదరంగు సైకిలు తెచ్చాడు. ముందు ఫోర్కులో స్ప్రింగు, వెనక ఏమీ లేదు. పద్దెనిమిది గేర్లు, మరీ ముళ్ళు లేని వెడల్పు టైర్లు. ఫ్రేము ఆయన ఎత్తుకి సరిగ్గా సరిపోయింది. ఆయన వంతెన మీదికి నడిపించారు. తేలిగ్గా వచ్చింది. పెడలు పిక్కకి తగల్లేదు. చక్రం ఊగలేదు. నేను వెనకే నడుస్తూ, ఏదో ఒక వంక దొరుకుతుందని చూస్తున్నాను. వంతెన దిగువన ఆయన ఆగిపోయారు. ఆ సైకిలు ఆయనకి నచ్చేసింది. అబద్ధం ఆడలేకపోయారు. ఇరవై ఏడేళ్ళలో నాకు తెలిసి ఆయన సైకిలు గురించి అబద్ధం ఆడలేకపోవడం అదే మొదలు.

స్టాండు, క్యారియరు, బెల్లు బిగించి మే నెల మధ్యలో సైకిలు ఇంటికి వచ్చేసింది. గేటు దాకా తొక్కాలన్న సంగతి నేనే జ్ఞానప్రసూనాంబ గారికి చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి ఆయన వైపు తిరిగారు.

“ఏవండీ, ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. రేపు తెల్లారగట్ల ఫెర్రీ దగ్గరికి పదండి. నేర్పిస్తాను.”

పడవల రేవు ఫెర్రీ దగ్గర కృష్ణలో వేసవికి ఇసుక బయటపడుతుంది. ఇసుకలో పడితే దెబ్బ తగలదని ఆవిడ ఆలోచన. కాకపోతే ఇసుకలో సైకిలు కదలదు కూడా. మూడు రోజులు ఆయన ఉన్నచోటే పక్కకి పడ్డారు. నాలుగో రోజు గట్టు మీదికి మారాం. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపి ముందు తను ఎక్కి, గేర్లు మారుస్తూ అరకిలోమీటరు వెళ్ళి వచ్చారు. యాభై రెండేళ్ళ మనిషి, మొహం వెలిగిపోతోంది. మల్లికార్జునరావు గారు అలా చూస్తూ నిలబడ్డారు. నా పరువు కోసం నువ్వెందుకు మానేశావే అని మెల్లగా అన్నారు. ఆవిడ సైకిలు ఆయన చేతికిచ్చి సీటు వెనక పట్టుకున్నారు.

జూన్ మూడో వారానికి ఆయనకి తొక్కడం వచ్చింది. నిజంగా వచ్చింది. వెనక నుంచి ఒక్క తోపు తోస్తే చాలు, గట్టు పొడుగునా నిటారుగా వెళ్ళిపోయేవారు. రానిది ఒక్కటే. దిగడం. బ్రేకు పట్టుకుంటే కాలు నేలకి పెట్టాలన్న ధ్యాస వచ్చేది కాదు, కాలు గుర్తొస్తే బ్రేకు మరిచేవారు. ఒకసారి ఇసుక కుప్ప ఆపింది, ఒకసారి బోర్లించిన పడవ ఆపింది, మూడుసార్లు నేను ఆపాను. నా మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. సైకిలు దిగడంలో జిల్లా మొత్తానికి పేరు మోసిన మనిషికి దిగడం తప్ప అన్నీ వచ్చాయని తలుచుకుంటే, నొప్పిలో కూడా నవ్వు ఆగలేదు.

జూన్ ముప్ఫై, శుక్రవారం. సభలో పదకొండు మంది మాట్లాడారు. పదకొండు మందీ ఆయన ఎక్కడ తమను చూసి సైకిలు దిగారో చెప్పారు. ఒకాయన వర్షంలో కూడా దిగారన్నాడు. ఇంకొకాయన, నేను ఇంట్లో కిటికీ దగ్గర ఉన్నా దిగారన్నాడు. దండల మధ్య కూర్చున్న మల్లికార్జునరావు గారు నా వైపు చూస్తున్నారు. పాపం, ఆ చూపు నేను మరిచిపోలేను. ఒక్కో మాటకీ కుర్చీలో ఇంకాస్త కుంగిపోతున్నారు.

తర్వాత మెట్ల కిందికి సైకిలు తెచ్చారు. ఆయన ఎక్కి కూర్చున్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆశీర్వదిస్తున్నట్టుగా వెనక చెయ్యి వేసి జ్ఞానప్రసూనాంబ గారు ఒక్క తోపు తోశారు. బండి కదిలింది. తొక్కారు. బ్రహ్మాండంగా తొక్కారు. ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు.

గేటు దగ్గర చీఫ్ ఇంజనీరు గారు పూలగుత్తితో నిలబడి ఉన్నారు, తనను చూసి దిగుతారని. మల్లికార్జునరావు గారు దిగలేదు. రెండు చేతులూ హ్యాండిలుకి అతుక్కుపోయి, తల కూడా తిప్పకుండా, ఆయన ముందునుంచే గేటు దాటిపోయారు. వెనక నిలబడ్డ తొంభై రెండేళ్ళ రిటైర్డు మేష్టారి ముందు కూడా దిగలేదు. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో అననే అన్నారు.

“చూశారా, ఉద్యోగం అయిపోగానే మర్యాద కూడా అయిపోయింది.”

పదకొండు ఉపన్యాసాల పేరు రెండు నిమిషాల్లో గాల్లో కలిసింది. నేను స్కూటరు తీసి వెంటపడ్డాను. గుద్దుకోవడానికి ఏదీ దొరక్కపోతే ఆయన ఇబ్రహీంపట్నం దాటి హైదరాబాదు రోడ్డు ఎక్కేస్తారని భయం.

ఆ సాయంత్రం అమలమ్మ సభకి రాలేదు. ఊడ్చేవాళ్ళని ఎవరూ పిలవలేదు, నిజం చెప్పాలంటే పిలవాల్సిన పని నాదే, నాకు తోచలేదు. ముందే బయల్దేరి, ఖాళీ టిఫిను డబ్బా చేతిలో పట్టుకుని రోడ్డు వారగా ఒక్కతే నడిచి వెళ్తోంది. మల్లికార్జునరావు గారు ఆవిడని దాటారు. నాలుగు గజాలు ముందుకి వెళ్ళారు. బ్రేకు పట్టుకున్నారు. ఎడమ కాలు నేల మీద పెట్టారు. కుడి కాలు పైకెత్తి, పంచె కుచ్చిళ్ళు క్యారియరుకి చిక్కుకుంటే విడిపించుకుని, దించారు. ఎక్కడా పడలేదు, దేన్నీ గుద్దలేదు. సైకిలు పక్కన నిలబడి ఆవిడ వచ్చేదాకా ఆగారు.

నేను స్కూటరు ఆపేసరికి అమలమ్మ ఆయన కాళ్ళ వైపు చూస్తోంది, నవ్వుతోంది.

“ఒచ్చేసిందా సార్ తొక్కటం?”

నీకెప్పట్నుంచి తెలుసు అని నేను అడిగాను.

“మొదటి రోజే సార్. అందరూ తమని చూసి దిగారనుకున్నారు. నన్ను చూసి సైకిలు దిగేవోడు ఈ రోడ్డు మీద ఎవడున్నాడు? ఎనకాల నుంచి ఒచ్చి నా పక్కన నడుత్తుంటే అప్పుడే అనుకున్నా, ఈ అయ్యకి తొక్కటం రాదని.”

మరి ఇన్నేళ్ళు ఎవరితోనూ ఎందుకు అనలేదని అడిగాను. అంటే నేర్చేసుకునేవారు గదా సార్, నాకు తోడు ఎవరొస్తారు అంది. అని, ఇక మీరు ఎక్కి ఎళ్ళండి, పొద్దుపోతోంది అని ఆయనతో చెప్పింది.

మల్లికార్జునరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇవాళ తొక్కడం వచ్చాకే దిగానమ్మా,” అన్నారు.

ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. ఆవిడ చేతిలోని టిఫిను డబ్బా ఆయన తీసుకుని తన కొత్త క్యారియరు మీద పెట్టుకున్నారు. నేను స్కూటరు మీద కూర్చునే ఉన్నాను. పదేళ్ళుగా ఈ బండి మీద ఆవిడ పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కవేసుకోబోయి, భయమేసి మానేశాను. ఇంజను ఆపి, దిగి, బండిని వాళ్ళ వెనకే నడిపించుకుంటూ వెళ్ళాను. స్కూటరు చాలా బరువుగా ఉంటుంది.